మీ ఊళ్ళో ప్రతి ఆదివారం ఫ్రీ 5కే (5 కిలోమీటర్ల పరుగు) పెట్టాలంటే ఏం చేయాలి

2016లో సింధు రియోలో సిల్వర్ కొట్టిన రోజు మా వీధి మొత్తం టీవీలకి అతుక్కుపోయింది, మర్నాడు పొద్దున్నే గ్రౌండ్‌కి వెళ్తే మాత్రం ఎప్పుడూ కనబడే ఆ ఆరుగురు వాకర్సే ఉన్నారు. పిల్లల్ని బ్యాడ్మింటన్ కోచింగ్‌లో వేసినవాళ్ళు ఉన్నారు, అది నిజంగా మంచిదే, కానీ ఆ పిల్లల అమ్మానాన్నలు మాత్రం గ్యాలరీలోనే కూర్చున్నారు.

ఇది మన ఒక్కళ్ళ సంగతి కాదు. లండన్‌లో 2012 ఒలింపిక్స్ ‘ఇన్‌స్పైర్ ఎ జనరేషన్’ అనే స్లోగన్‌తో పెట్టారు, ఆ తర్వాత మూడేళ్ళకి చూస్తే ఇంగ్లండ్‌లో వారానికి ఒక్కసారైనా ఏదో ఒక ఆట ఆడే పెద్దవాళ్ళ లెక్క పెరగలేదు సరికదా కాస్త తగ్గింది. అదే లండన్‌లో 2004 అక్టోబర్ 2న బుషీ పార్క్‌లో పాల్ సింటన్-హ్యూయిట్ అనే ఆయన 13 మంది రన్నర్లతో ఒక ఫ్రీ 5కే మొదలెట్టాడు, అదే ఇప్పుడు పార్క్‌రన్ పేరుతో 20కి పైగా దేశాల్లో వారం వారం నడుస్తోంది. అందులో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటుంది, 2005లో ఆ 5 కిలోమీటర్లు పూర్తి చేయడానికి వాళ్ళకి పట్టిన సగటు టైం 22 నిమిషాల చిల్లర, ఇప్పుడది 32 దాటేసింది, అంటే మెల్లగా పరిగెత్తేవాళ్ళు, నడిచేవాళ్ళు అంత మంది వచ్చి చేరారన్నమాట.

ఛాంపియన్‌ని చూస్తే మనకి గర్వంగా ఉంటుంది, కానీ ఆవిడ ఎక్కడ మనమెక్కడ అనిపిస్తుంది. పక్కింటి ఆంటీ 5 కిలోమీటర్లు 55 నిమిషాల్లో పూర్తి చేసిందని తెలిస్తే మాత్రం ఆవిడ చేయగా లేంది నేను చేయలేనా అనిపిస్తుంది. కాబట్టి మీరు పెట్టే రన్‌లో ప్రతీదీ ఆ చివర్లో వచ్చే మనిషిని దృష్టిలో పెట్టుకుని ప్లాన్ చేయండి.

ముందు రూట్. మెయిన్ రోడ్డు మీదకి అస్సలు వెళ్ళకండి. కాలేజీ గ్రౌండ్, మున్సిపల్ పార్కు, చెరువు కట్ట, ఏదున్నా సరే, ఒక్కసారి ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని నడిచి కొలవండి. రౌండు 1.25 కిలోమీటర్లు వస్తే నాలుగు రౌండ్లతో అయిపోతుంది. 400 మీటర్ల ట్రాక్ అయితే పన్నెండున్నర రౌండ్లు, అందరూ లెక్క తప్పుతారు, అందుకే మొదలయ్యే ముందు చేతికి పన్నెండు రబ్బర్ బ్యాండ్లు ఇచ్చి రౌండుకొకటి బకెట్లో వేయమనండి. మలుపుల దగ్గర బాణం గుర్తులు ముగ్గుపిండితో వేస్తే చాలు, ఖర్చుండదు, వానొస్తే పోతుంది. గ్రౌండ్ ఎవరిదైతే వాళ్ళకి, అంటే ప్రిన్సిపాల్ గారికో మున్సిపల్ కమిషనర్ గారికో, లెటర్ రాసి పర్మిషన్ తీసుకోండి, పనిలో పనిగా అక్కడి వాకర్స్ అసోసియేషన్ పెద్దల్ని కూడా కలవండి, మీ మొదటి వాలంటీర్లు వాళ్ళే అవుతారు.

టైం ఒకటి ఫిక్స్ చేసి దాన్ని కదపకండి. మామూలుగా ఆరు గంటలు, ఏప్రిల్ మే నెలల్లో ఐదున్నర. ఇద్దరే వచ్చినా ఆ ఇద్దరితో మొదలెట్టాలి, ఒక్క వారం క్యాన్సిల్ అయితే తర్వాతి వారం ‘ఈరోజు ఉందా అండీ’ అనే మెసేజ్‌లే ఉంటాయి గ్రూపులో.

వాలంటీర్లు నలుగురైనా ఉండాలి. ఒకరు టైం చూడ్డానికి, ఒకరు పేర్లు రాయడానికి, ఒకరు మలుపు దగ్గర, ఇంకొకరు అందరికంటే వెనకాల నడవడానికి. ఈ నాలుగో మనిషే ముఖ్యం. పార్క్‌రన్‌లో ఈయన్ని టెయిల్ వాకర్ అంటారు, అందరి తర్వాత గీత దాటేది ఆయనే కాబట్టి వచ్చినవాళ్ళలో ఎవరికీ నేనే లాస్ట్ అనే బాధ ఉండదు. కబుర్లు బాగా చెప్పేవాళ్ళకి ఈ పని ఇవ్వండి.

నేను చేసిన తప్పు చెప్తాను. మా ఊళ్ళో రన్ పెట్టిన మొదట్లో ఊపొస్తుందని ఫస్ట్ ముగ్గురికీ మెడల్స్ పెట్టాను, పోలీస్ ఉద్యోగాలకి ప్రాక్టీస్ చేసే కుర్రాళ్ళు వచ్చి ప్రతివారం వాళ్ళే పట్టుకెళ్ళారు, వాళ్ళ తప్పేం లేదు, కానీ నెల తిరిగేసరికి మిగతావాళ్ళు రావడం మానేశారు. మెడల్స్ తీసేసి పదో రన్ పూర్తి చేసినవాళ్ళ పేరు మైకులో చదవడం మొదలెట్టాక మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు.

ఎప్పుడూ పరిగెత్తనివాళ్ళు వస్తే ఐదు నిమిషాలు స్పీడుగా నడిపించి, ఆ తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, ఇలా 20 నిమిషాలు చేయించండి, కొత్తవాళ్ళని మెల్లమెల్లగా 5 కిలోమీటర్ల పరుగుకి తీసుకొచ్చే కౌచ్ టు 5కే ప్లాన్‌లో మొదటి వారం ఇంతే. బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్ళని డాక్టర్‌ని అడిగాకే పరిగెత్తమనండి, నడవొచ్చో లేదో కూడా డాక్టరే చెప్తారు. గుండెల్లో నొప్పి అన్నా, కళ్ళు తిరుగుతున్నాయన్నా వెంటనే ఆపేసి కూర్చోబెట్టండి, తగ్గకపోతే 108కి చేయండి. 20 లీటర్ల వాటర్ క్యాన్, స్టీలు గ్లాసులు, కాసిని ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి.

ఆడవాళ్ళు రావాలంటే వాలంటీర్లలో ఆడవాళ్ళు ఉండాలి, బాత్రూమ్ తాళం తీసి ఉండాలి, అడక్కుండా ఎవరి ఫోటో గ్రూపులో పెట్టకూడదు. చీరలో వచ్చినా చుడీదార్‌లో వచ్చినా ఏమీ అనకండి, కాళ్ళకి మాత్రం చెప్పుల బదులు షూ వేసుకోమని చెప్పండి.

మీ జిల్లాలో స్టేట్ లెవెల్లోనో నేషనల్స్‌లోనో పరిగెత్తిన అమ్మాయో అబ్బాయో ఉంటే తప్పకుండా పిలవండి, కానీ రిబ్బన్ కటింగ్‌కి మాత్రం వద్దు, ఆ ఒక్క రోజుకి టెయిల్ వాకర్‌గా ఉండమని అడగండి. మా దగ్గరకి వచ్చిన ఒకమ్మాయి చివరి రౌండంతా మోకాళ్ళ నొప్పులున్న రిటైర్డ్ టీచరమ్మతో మాట్లాడుతూ నడిచింది, ఆ టీచరమ్మ తర్వాతి ఆదివారం ఇద్దరు చెల్లెళ్ళని వెంటబెట్టుకుని ఐదున్నరకే గేటు దగ్గర నిలబడి ఉంది.