మోకాలి మార్పిడికి డేట్ తీసుకున్నారా? ముందు ఇవి చూసుకోండి

వరి కోతలు అయ్యాక చేయించుకుందాంలే అని ఆగినవాళ్లు ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రులకు బయలుదేరుతుంటారు. వాళ్ల కోసం:

– పుండు, పుచ్చుపన్ను, మూత్రంలో మంట ఏది ఉన్నా దాచొద్దు. ఆ క్రిములు రక్తంలో కలిసి కొత్త కీలుకు పట్టాయంటే మాత్రలతో పోవు. ఒక్కోసారి కీలు తీసేసి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. చేలో గుచ్చుకున్న ముల్లు గాయమైనా సరే, చెప్పాల్సిందే. డేట్ పోతే పోయింది.

– మోకాలి మీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీయొద్దు. కంటికి కనపడని గాట్లు చాలు, చీము పట్టడానికి.

– షుగర్ ఉంటే ఆ పూట అంకె కాదు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించండి.

– ఊళ్లో మోకాల్లో వేయించుకున్న ఇంజెక్షన్ తేదీ చెప్పండి. స్టెరాయిడ్ అయితే సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. నొప్పుల పొడుల సంగతీ చెప్పండి. వాటిలో ఏముందో అమ్మినవాడికే తెలియాలి.

– రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. స్టెంట్ ఉంటే గుండె డాక్టరు మాటే మాట.

– కనిగిరి, పామూరు వైపు ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగారా? ఆ మాట ముందే చెప్పండి. ఆ నీళ్లకు నడుము, తుంటి కూడా బిగుసుకుని ఉంటే, మోకాలు ఒక్కటి మార్చినంత మాత్రాన నడక అనుకున్నంత తేలిక కాదు.

– ఇంట్లో వెస్టర్న్ కమోడ్ ముందే పెట్టించండి. గొంతుకూర్చోవద్దంటారు, మేస్త్రీ ఏమో పిలిచిన రోజు రాడు.