మెట్లు, పంక్చర్, ఛార్జర్: ఎలక్ట్రిక్ సైకిల్ కొనేముందు నేను చూసుకునేవి

సైకిల్ ఆపి తాళం వేస్తుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "ఒక్క ఛార్జింగ్‌కి ఎంత దూరం వస్తుందండీ?" ఆ వెంటనే, "స్పీడెంత?" ఆరేళ్ల కిందట మొదటి ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నప్పుడు నేను అడిగినవీ ఈ రెండే. ఆ సైకిల్ని పద్నాలుగు నెలలకే అమ్మేశాను. దూరం చాలకో, స్పీడు లేకో కాదు. దాని బరువు 27 కిలోలు. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బ్యాటరీ ఏమో ఫ్రేము లోపల ఉండిపోయింది, విడిగా తీసే వీల్లేదు. ఆఫీసు నుంచి పదకొండు కిలోమీటర్లు హాయిగా తొక్కుకుంటూ వచ్చి, మెట్ల దగ్గరికొచ్చేసరికి నీరసం ముంచుకొచ్చేది.

అందుకే ఇప్పుడు సలహా అడిగినవాళ్లని ముందు నేనే నాలుగు మాటలు అడుగుతాను. రాత్రిపూట సైకిల్ ఎక్కడ పెడతారు? ప్లగ్గు ఎక్కడుంది? ఆ రెండింటి మధ్య ఎన్ని మెట్లు? వెనక టైరు పంక్చరైతే ఎవరు వేస్తారు? వీటికి జవాబు దొరికితే కొనాల్సిన సైకిళ్ల పట్టిక సగానికి సగం తగ్గిపోతుంది. (నేను చెప్పేది పెడల్ తొక్కితే మోటారు సాయం చేసే సైకిల్ గురించి. స్కూటర్ లెక్కలు వేరు.)

మామూలు సైకిల్ 12 నుంచి 15 కిలోలుంటే, ఎలక్ట్రిక్‌వి 18 నుంచి 28 దాకా ఉంటాయి. కాగితం మీద అంకె చూసి ఊరుకోకండి. షాపులోనే ఒక మెట్టు ఎక్కించి చూడండి, ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని మరీ. ఇప్పుడు నా దగ్గరున్న సైకిల్ 21 కిలోలు, అందులో బ్యాటరీయే దాదాపు మూడు కిలోలు. తాళంచెవి తిప్పితే బ్యాటరీ చేతికొస్తుంది. కాబట్టి సైకిల్ కిందే ఉంటుంది, బ్యాటరీ ఒక్కటి నాతో పైకొస్తుంది. మీ ఇంట్లో మెట్లుంటే బయటికి ఊడొచ్చే బ్యాటరీ తప్ప ఇంకోటి చూడొద్దని గట్టిగా చెబుతాను.

దూరం లెక్క మీరే వేసుకోండి

బ్యాటరీ మీద వోల్టులు, ఆంపియర్-అవర్లు రాసి ఉంటాయి. రెండూ గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో ఆ లెక్క. నాది 36 వోల్టులు, 14 ఆంపియర్-అవర్లు, అంటే 504 వాట్-అవర్లు. నగరంలో ఆగుతూ కదులుతూ, పెడల్ కూడా బాగానే తొక్కుతూ వెళ్తే నాకు కిలోమీటరుకి 9 నుంచి 12 వాట్-అవర్లు ఖర్చవుతుంది. ఎదురుగాలి ఉన్నా, టైర్లలో గాలి తగ్గినా, బరువు ఎక్కువైనా అది పెరుగుతుంది. పెడల్ వేయకుండా యాక్సిలరేటర్ మీదే నడిపితే ఇంకా పెరుగుతుంది. చలికాలంలో అదే బ్యాటరీ తక్కువ దూరం ఇస్తుంది.

కొనేముందు నేను వేసే లెక్క ఇది: రోజూ వెళ్లొచ్చే దూరాన్ని 12తో గుణించి, వచ్చినదానికి సగం కలపాలి. నాకు రానూపోనూ 22 కిలోమీటర్లు. 264 వాట్-అవర్లు, సగం కలిపితే 396. అంటే 400 వాట్-అవర్ల బ్యాటరీ నాకు సరిపోతుంది. ఆ సగం ఎందుకంటే, బ్యాటరీ ఏటేటా కొంత తగ్గుతుంది, పైగా రోజూ అడుగంటా వాడటం దానికి మంచిది కాదు. 22 కిలోమీటర్ల మనిషికి 800 వాట్-అవర్ల బ్యాటరీ అమ్మజూపితే, దానితోపాటు రోజూ మోయాల్సిన బరువు కూడా అమ్ముతున్నట్టే.

సెన్సర్ సంగతి అడగండి

మోటారు ఎన్ని వాట్లని అందరూ అడుగుతారు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం మామూలు ఎలక్ట్రిక్ సైకిల్‌కి 250 వాట్లు, మోటారు సాయం గంటకు 25 కిలోమీటర్ల వరకే. నగరంలో నాకు అంతకు మించి అవసరం పడలేదు. మీరుండే చోట హద్దు ఎంతో కొనకముందే తెలుసుకోండి, అది దాటిన బండికి లైసెన్సు, ఇన్సూరెన్సు అడగొచ్చు.

తొక్కేటప్పుడు అసలు తేడా తెలిసేది సెన్సర్ దగ్గర. ఒక రకం సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది. తిరిగితే మోటారు ఆన్, ఆగితే ఆఫ్. నా మొదటి సైకిల్ ఈ రకమే. సిగ్నల్ పడ్డాక తొక్కితే పెడల్ కొంత తిరిగేదాకా సాయం రాదు, సరిగ్గా ఆ క్షణంలోనే మనకి సాయం కావాలి. మనం పెడల్ ఆపాక కూడా మోటారు ఓ క్షణం తోస్తూనే ఉంటుంది. ఇరుకు మలుపులో, ముందు ఆటో ఆగి ఉన్నప్పుడు ఆ ఒక్క తోపు చాలు గుండె జారడానికి. రెండో రకం టార్క్ సెన్సర్. పెడల్ మీద ఎంత బలం పెట్టామో చూసి అంతకు తగ్గట్టు మోటారు సాయం చేస్తుంది. మెల్లగా తొక్కితే మెల్లగా, గట్టిగా తొక్కితే గట్టిగా. ఎవరో వెనక నుంచి నడుం మీద చెయ్యేసి తోస్తున్నట్టుంటుంది. ధర ఎక్కువే. కానీ రద్దీలో తిరిగేవాళ్లు డబ్బు దేనికైనా ఎక్కువ పెట్టాలంటే, పెద్ద బ్యాటరీకి కాదు, దీనికి, మంచి బ్రేకులకి పెట్టమంటాను.

మోటారు చక్రం మధ్యలో ఉండేవి ఉన్నాయి, పెడల్ దగ్గర ఉండేవి ఉన్నాయి. పెడల్ దగ్గర ఉంటే ఎత్తు ఎక్కడంలో బలం, వెనక చక్రం ఊడదీయడం సులువు. కానీ మోటారు బలమంతా చైను మీదుగా పోతుంది కాబట్టి చైను, వెనక పళ్ల చక్రాలు తొందరగా అరుగుతాయి. గేరు మార్చేటప్పుడు పెడల్ మీద కాలు కాస్త తేలిక చేయాలి. చక్రంలో మోటారు ఉంటే చైను ఎక్కువకాలం మన్నుతుంది, నిర్మాణమూ సులువు. కొండ దారులు లేనివాళ్లకి ఇది చాలు. నాదీ ఇదే.

నడిపి చూడకుండా కొనొద్దు. షాపు ముందు తిన్నగా ఓ రౌండు కొట్టడం కాదు. ఎత్తు మీద ఆపి, అక్కడినుంచే బయల్దేరండి. నడిచే వేగంలో యూ టర్న్ తీసుకోండి. గట్టిగా బ్రేకు వేసి చూడండి. ఆ తర్వాత మోటారు పూర్తిగా ఆపేసి కనీసం అర కిలోమీటరు తొక్కండి. ఏదో ఒకరోజు ఛార్జింగ్ అయిపోయి మీరు తొక్కాల్సింది ఆ సైకిల్నే. మోటారు ఆపితే కదలని సైకిల్ నాకొద్దు.

బ్రేకుల గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 25లో ఆపాల్సిన శక్తి దాదాపు మూడింతలు. అందుకే డిస్క్ బ్రేకులు, వీలైతే హైడ్రాలిక్‌వి (తీగతో కాక ద్రవం ఒత్తిడితో పట్టేవి) తీసుకోండి. బ్రేకు లీవర్ పట్టగానే మోటారు ఆగిపోతోందా అన్నది కూడా చూడండి. కొత్త బ్రేకులు మొదటిరోజే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద ఓ ఇరవైసార్లు వేగం అందుకుని మెల్లగా తగ్గిస్తే ప్యాడ్లు కుదురుకుంటాయి.

పంక్చర్

వానాకాలంలో ఓ సాయంత్రం నా మొదటి సైకిల్ వెనక టైరు పంక్చరైంది. తోసుకుంటూ వెళ్తే పంక్చర్లు వేసే పెద్దాయన, "అమ్మా, మోటారు చక్రం నేను ముట్టుకోను, వైరు తెగితే మళ్లీ నా మీదకొస్తుంది" అన్నాడు. ఆయన భయం న్యాయమైనదే. ఆ రాత్రి సైకిల్ని ఇంటిదాకా తోసుకొచ్చాను.

తర్వాత తెలిసిందేంటంటే, ఒట్టి పంక్చర్ అయితే చక్రం విప్పాల్సిన పనే లేదు. గుచ్చుకున్నచోట టైరుని ఒక పక్క ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, ప్యాచ్ వేసి మళ్లీ లోపల పెట్టేయొచ్చు. ఈ మాట చెబితే ఎవరైనా చేస్తారు. ట్యూబో టైరో మార్చాలంటేనే చక్రం దింపాలి. అప్పుడు మోటారు వైరు కనెక్టర్ ఊడదీయాలి. అది మెలితిప్పకుండా తిన్నగా లాగాలి, రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటే అవి కలిసేలా మళ్లీ పెట్టాలి. ఇరుసు నట్లకి తగిన పానా మీ దగ్గరుండాలి. నా చక్రానికి 18 మిల్లీమీటర్లది పడుతుంది.

విప్పేముందు రెండువైపులా ఫోన్లో ఫొటో తీసుకోండి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో అందులో కనబడాలి. ఇరుసు తిరగకుండా పట్టుకునే చిన్న వాషర్ ఒకటుంటుంది, టార్క్ వాషర్ అంటారు. ఒకసారి ఒక రిపేరు షాపులో దాన్ని తిరిగి పెట్టడం మర్చిపోయారు. మర్నాడు ఎత్తు ఎక్కుతుంటే ఇరుసు తిరిగి వైరు మెలిపడింది. పోయింది మోటారు వైరు ఒక్కటే, నాకేమీ కాలేదు. అప్పటినుంచి చక్రం ఎవరు బిగించినా నేను వంగి చూశాకే బయల్దేరతాను.

పంక్చర్లు తగ్గాలంటే మందపాటి లైనింగ్ ఉన్న టైర్లు వేయించుకోండి, వారానికోసారి గాలి కొట్టండి. ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది.

బ్యాటరీ

సైకిల్లో ఖరీదైన భాగం ఇదే, జాగ్రత్తగా ఉండాల్సిందీ దీనితోనే. కొనేటప్పుడు భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ గుర్తులు చూడండి. సైకిల్ మొత్తం విద్యుత్ వ్యవస్థకి యూఎల్ 2849, బ్యాటరీకి యూఎల్ 2271, యూరప్‌లో ఈఎన్ 15194. పేరూ ఊరూ లేని బ్యాటరీ ఎంత చవగ్గా వచ్చినా ఇంట్లోకి తేవద్దు.

ఛార్జర్ దానితో వచ్చిందే వాడాలి. 36 వోల్టుల బ్యాటరీ పూర్తిగా నిండితే 42 వోల్టులు, 48ది నిండితే 54.6. రెండు ఛార్జర్ల పిన్ను ఒకేలా ఉండి పట్టేయొచ్చు కూడా. పట్టింది కదా అని పెడితే ప్రమాదం. ఇంట్లో రెండు సైకిళ్లుంటే ఛార్జర్ల మీద పెద్ద అక్షరాలతో పేర్లు రాసి అంటించండి.

ఎండలో వచ్చీ రాగానే ఛార్జింగ్ పెట్టను, అరగంట చల్లారనిస్తాను. గడ్డకట్టే చలిలోనూ పెట్టకూడదు. గచ్చు నేల మీద పెడతాను, మంచం దగ్గరో పరదాల పక్కనో కాదు, బయటికి వెళ్లే తలుపు దగ్గర అసలే కాదు. ఏదైనా జరిగితే మనం బయటపడాల్సిన దారి అదే. నిద్రపోయేముందు ప్లగ్గు తీసేస్తాను. 2 ఆంపియర్ల ఛార్జర్‌తో నా రోజు ఖర్చు తిరిగి నిండటానికి మూడున్నర గంటలు చాలు, వంట, భోజనం అయ్యేసరికి అయిపోతుంది. బ్యాటరీ ఉబ్బినా, వింత వాసన వచ్చినా, గట్టిగా కిందపడినా, నీళ్లలో మునిగినా మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు, చూపించాల్సిందే.

రోజూ 80 శాతం దగ్గర ఆపితే లిథియం బ్యాటరీ ఎక్కువకాలం మన్నుతుంది. నెలకోసారి మాత్రం పూర్తిగా నింపుతాను, లోపలి సెల్స్ అన్నీ ఒక స్థాయికి రావడానికి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో నీడపట్టున ఉంచాలి. అడుగంటిపోయి మూలపడితే మళ్లీ లేవకపోవచ్చు. డిస్‌ప్లేలో గీతలు చూసి టెన్షన్ పడకండి. ఎత్తు ఎక్కేటప్పుడు వోల్టేజీ తగ్గి ఒకటి రెండు గీతలు మాయమై, దిగాక మళ్లీ వస్తాయి.

రోడ్డు మీద, వారాంతంలో

ఎదుటివాళ్లకి మీరు మామూలు సైకిల్ తొక్కుతున్నట్టే కనిపిస్తారు. అంత వేగంగా వస్తారనుకోరు. కారు తలుపు తీస్తారు, అడ్డంగా దాటేస్తారు. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపు పూర్తిగా తెరిస్తే ఎంత వస్తుందో అంత దూరంలో ఉండండి. పగలు కూడా లైటు వేసుకోండి. వానలో రోడ్డు మీది రంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారతాయి, వాటి మీద మలుపు తిప్పొద్దు. మోటారు సాయం ఒక మెట్టు తగ్గించండి.

వాన చినుకులకి ఏమీ కాదు, కానీ ప్రెషర్ పంపుతో కడిగితే బేరింగుల్లోకి, కనెక్టర్లలోకి నీళ్లు పోతాయి. తడిగుడ్డ చాలు. చైను తుడిచి నూనె వేయడం, బ్రేకు ప్యాడ్లు చూడటం, వెనక స్పోక్స్ చేత్తో నొక్కి వదులైనవి పట్టుకోవడం నా ఆదివారం ఉదయం పని, పావుగంట పడుతుంది. మోటారు చక్రానికి కొత్తలో స్పోక్స్ వదులవుతాయి, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లకే ఒకసారి బిగించి బెండు తీయించండి.

తాళం గట్టి ఇనుపది, ఫ్రేముతో కలిపి కదలని దేనికైనా వేయండి. బ్యాటరీకి ఉండే చిన్న తాళం దొంగని ఆపదు, కాబట్టి ఎక్కువసేపు వదిలి వెళ్తే బ్యాటరీ వెంట తీసుకెళ్లడమే మంచిది. ఫ్రేము నంబరు, తాళంచెవి నంబరు ఫొటో తీసి దాచుకోండి. చెవి పోతే ఆ నంబరుంటే ఇంకోటి తెప్పించుకోవచ్చు.

నా రెండో సైకిల్‌కి నాలుగేళ్లు నిండాయి, 16,000 కిలోమీటర్లు తిరిగింది. కొత్తలో పూర్తి ఛార్జింగ్‌కి 44 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 37 వస్తోంది. నాకు కావాల్సింది 22. అది 25 దాకా పడిపోయాక కొత్త బ్యాటరీ తీసుకుంటాను, పాతది లిథియం బ్యాటరీలు వెనక్కి తీసుకునే చోట ఇచ్చేస్తాను. చెత్తబుట్టలో వేస్తే లారీలో నలిగి అంటుకోవచ్చు.