ఫ్రాన్స్ వీసాకు వసతి రుజువు: చివరికి మాకు పనిచేసిన దారి

మాది పర్లాకిమిడి. మా అబ్బాయి పైచదువుకు ఫ్రాన్స్ దీర్ఘకాల వీసా కాగితాలన్నీ సిద్ధం చేసుకుని, వసతి రుజువు దగ్గర ఆగిపోయాం. విద్యార్థి వసతిగృహాల్లో ఖాళీ లేదు, వారం రోజుల హోటల్ బుకింగ్ చాలదన్నారు, అక్కడి పురపాలక కార్యాలయం ఇచ్చే ఆతిథ్య పత్రమేమో మూడు నెలల లోపు పర్యటనలకేనట.

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటున్న మా మేనకోడలు, అబ్బాయి తమ ఇంట్లో ఉంటాడని ఉత్తరం రాసి పంపింది. అదీ కౌంటరు దగ్గర తిరిగి వచ్చింది. చిరునామాకు రుజువుగా జతచేసిన కరెంటు బిల్లు ఆమె భర్త పేరున ఉంది, ఉత్తరం మీద సంతకం ఈవిడది! తాతగారి పేరునే ఇప్పటికీ మీటరు నడిచే ఇంట్లో ఉన్న నాకు అది తట్టలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. ముందు మూడు నెలలు దాటని కొత్త బిల్లు తెప్పించాం. తరువాత, బిల్లు ఎవరి పేరున ఉందో ఆయన చేతనే, అంటే మా అల్లుడి చేత, ఫ్రెంచిలో ‘అతెస్తాసియోన్ దెబెర్జ్‌మాన్’, అంటే తన ఇంట్లో వసతి ఇస్తున్నట్టు ధ్రువీకరణ పత్రం, రాయించాం. అందులో ఆయన చిరునామా, అబ్బాయి పుట్టిన తేదీ, ఏ రోజు నుంచి తన ఇంట్లో ఉంటాడో రాసి, తేదీ వేసి సంతకం చేశారు. ఒడిశా బోర్డు సర్టిఫికెట్లో మావాడి ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు. అందుకని పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. ఆఖరున అల్లుడి నివాస కార్డు రెండు వైపుల నకలు జతచేశాం.

ఈసారి తీసుకున్నారు, వీసా వచ్చింది. అందరికీ ఇంతే సరిపోతుందని చెప్పలేను. మిగతా దేశాల పద్ధతి వేరు. తెలిసినవారితో ఉత్తుత్తి ఉత్తరం మాత్రం రాయించకండి, ఫ్రెంచి శిక్షాస్మృతి 441-7 ప్రకారం అది నేరం.