డాలస్‌లో కొత్తగా ఇల్లు కొన్నవారికి: కిచెన్, బాత్‌రూమ్ మార్పించే ముందు చూసుకోవాల్సినవి

డాలస్‌లో మేము మొదటి ఇల్లు కొన్న ఏడాది, పోపు పెట్టినప్పుడల్లా హాల్లో స్మోక్ అలారం మోగేది. ఎండుమిర్చి నూనెలో పడిందంటే చాలు, పడుకున్న చంటిది ఉలిక్కిపడి లేచేది. పొయ్యి పైన మైక్రోవేవ్, దాని అడుగున ఫ్యాను ఉన్నాయి. ఫ్యాను తిరిగేది, చప్పుడూ బాగానే చేసేది. మరి పొగ ఎక్కడికి పోతోంది? ఏడాది పోయాక తెలిసింది, ఎక్కడికీ పోవడం లేదని. చిన్న జల్లెడలోంచి వడకట్టి తిరిగి నా మొహం మీదికే వదులుతోంది.

అప్పటికి మేము తెల్లరాయి కౌంటరూ, నల్ల కొళాయిలూ చూసుకుని అడ్వాన్సు ఇవ్వబోతున్నాం. ఆగాం. డబ్బు ముందు గోడ లోపల, నేల కింద ఉండేవాటికి పెట్టి, మిగిలినదాంతో కంటికి కనపడేవి కొనాలని వరస మార్చుకున్నాం. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఇళ్లు కొన్న చాలామంది అడిగితే ఇదే చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. వీలుంటే కొన్న మొదటి రెండు మూడు నెలలు ఏదీ పగలగొట్టకుండా, ఉన్న వంటింట్లోనే వండుకోండి. ఏది ఎక్కడ అడ్డం వస్తోందో మీ చేతులకే తెలుస్తుంది.

ముందు పొగ సంగతి

మీ ఇంట్లో పొగ బయటికి పోతోందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ పిలవక్కర్లేదు. ఫ్యాను పూర్తి స్పీడులో పెట్టి, మైక్రోవేవ్ తలుపు పైన ఉండే సన్నని చువ్వల దగ్గర అరచేయి పెట్టండి. గాలి తగిలిందంటే పొగ ఇంట్లోనే తిరుగుతోంది. దాని పైన ఉన్న కప్‌బోర్డు తెరిచి చూడండి. రేకు గొట్టం కనపడకపోతే అసలు దారే లేదని అర్థం.

మైక్రోవేవ్ కింద వచ్చే ఫ్యాన్లు మామూలుగా నిమిషానికి 300 నుంచి 400 ఘనపుటడుగుల గాలి లాగుతాయి. దీన్నే సీఎఫ్ఎం అంటారు. పాస్తా ఉడకబెట్టుకునే ఇంటికి అది చాలు. వారానికి రెండుసార్లు చేపల పులుసు, శనివారం గారెలు, రోజూ తాళింపు ఉన్న ఇంటికి చాలదు. మేము 600 సీఎఫ్ఎం చిమ్నీ పెట్టించాం. పొయ్యి వెడల్పు 30 అంగుళాలైతే చిమ్నీ 36 తీసుకోండి, పక్కలకి చెదిరే పొగ కూడా దాని కిందికే వస్తుంది. జాలీ ఫిల్టర్ వద్దు. స్టీలు పట్టీలతో ఉండే బాఫిల్ ఫిల్టర్ తీసుకోండి, జిడ్డు పట్టినప్పుడు తీసి డిష్‌వాషర్‌లో వేయొచ్చు.

ఎంత పెద్ద ఫ్యాను కొన్నా గొట్టం సన్నగా ఉంటే లాభం లేదు. 600 సీఎఫ్ఎంకి 8 అంగుళాల గొట్టం కావాలి. వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. అది అటకలోకి కాదు, ఇంటి బయటికే తెరుచుకోవాలి. 400 దాటితే బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు గురించి సిటీ వాళ్లు అడగొచ్చు. దానికి కారణం ఉంది. ఇంట్లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, పెద్ద ఫ్యాను ఇంట్లోని గాలిని లాగేసినప్పుడు హీటర్ పొగ గొట్టంలోంచి వెనక్కి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఇక్కడ 'ఏం కాదులే' అనుకోకండి. గొట్టం మూత బయటి గోడ మీద కనపడుతుంది కాబట్టి హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కూడా ముందే తీసుకోండి.

కౌంటర్ రాయి: పసుపు, పులుపు, వేడి

షోరూమ్ నుంచి శాంపిల్ ముక్కలు ఊరికే ఇస్తారు. నాలుగు రకాలు తెచ్చుకోండి. ఒక్కో ముక్క మీద నూనెలో కలిపిన పసుపు ఒక చుక్క, చింతపండు పులుసు ఒక చుక్క, నిమ్మరసం ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తుడిచి, కిటికీ దగ్గర వాలుగా పట్టుకుని చూడండి. నేను అలా చూసినప్పుడు తెల్ల మార్బుల్ ముక్క మీద చింతపండు చుక్క ఉన్నచోట రూపాయి బిళ్లంత గుండ్రంగా మెరుపు పోయింది. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. అది మరక కాదు, కడిగితే పోదు. మార్బుల్ అంటే సున్నపు జాతి రాయి, పులుపు దాన్ని తినేస్తుంది. పూజ సామాను చింతపండుతో తోమే ఇంట్లో సింకు పక్కన మార్బుల్ వేయొద్దని గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఎక్కువమంది క్వార్ట్జ్ వైపు వెళ్తున్నారు. రాతి పొడిని ప్లాస్టిక్ లాంటి రెసిన్‌తో కలిపి అచ్చుపోసిన పలక అది. పులుపుకి చెక్కుచెదరదు, మరకలు ఇంకకుండా రాయికి పూసే సీలర్ దీనికి అక్కర్లేదు. కానీ రెసిన్‌కి వేడి పడదు. సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన గిన్నె పెడితే రంగు మారొచ్చు, పగులు రావచ్చు. దోసెల పెనం దించి నేరుగా పెట్టే అలవాటుంటే జాగ్రత్త. తెల్ల క్వార్ట్జ్ మీద పసుపు పడితే వెంటనే తుడవాలి. లేటైతే లేత పసుపు మరక మిగులుతుంది. పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది కాబట్టి కిటికీ పక్కనైతే నాలుగు రోజులకి దానంతటదే తగ్గుతుంది. ఎండ తగలని మూలలో మాత్రం ఉండిపోతుంది. ఇంకో విషయం, ఈ రాయిని పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఆ జబ్బు వల్లే 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా ఇలాంటి పలకల్ని నిషేధించింది. మీ గ్యారేజీలో నీళ్లు లేకుండా కోస్తామంటే ఒప్పుకోకండి, మీ పిల్లల కోసమూ, ఆ కోసే మనిషి కోసమూ. షాపులోనే నీళ్లు పోస్తూ కోసి తెమ్మనండి.

మేము గ్రానైట్ వేయించాం. రాళ్ల యార్డులో పలకలు చూస్తూ వెళ్తుంటే, నల్లటి రాయి మీద బంగారు చుక్కలతో ఒకటి కనపడింది. చీటీ మీద 'బ్లాక్ గెలాక్సీ, ఇండియా' అని ఉంది. మా అత్తగారిది ఒంగోలు. ఫోన్లో వీడియో చూపిస్తే, "అది మన చీమకుర్తి రాయేనమ్మా" అన్నారు. నిజమే, ఆ రాయి పుట్టిల్లు చీమకుర్తి. అంత దూరం నుంచి వచ్చిన రాయిని వదిలి రాలేకపోయాను. వేడికి భయం లేదు, పసుపు కనపడదు. తడి ఆరాక నీటి మచ్చలు మాత్రం తెలుస్తాయి, పొడి గుడ్డతో తుడుచుకోవాలి. లేత రంగు గ్రానైట్ అయితే ఏడాదికోసారి సీలర్ అవసరమా అని చూసుకోండి. నాలుగు నీటి చుక్కలు వేసి పది నిమిషాలు ఆగితే, రాయి నల్లబడినచోట సీలర్ అయిపోయినట్టే.

ఎత్తు సంగతి ఎవరూ చెప్పరు. ఇక్కడ కౌంటర్ ఎత్తు 36 అంగుళాలు. ఆరు నెలలు ఉండడానికి వచ్చిన మా అమ్మ ఐదడుగులు కూడా ఉండదు. ఆ ఎత్తులో చపాతీ ఒత్తితే సాయంత్రానికి భుజాలు పట్టేసేవి. అందుకే ఒక మూల మూడడుగుల ముక్క మాత్రం 32 అంగుళాల ఎత్తులో పెట్టించాం. ఇప్పుడు కూరగాయలు తరగడం, పిండి కలపడం అన్నీ అక్కడే, నేను కూడా. గ్రైండర్ చోటు కూడా ముందే అనుకోండి. పైన కప్‌బోర్డులు కౌంటర్‌కి 18 అంగుళాల ఎత్తులో మొదలవుతాయి, మీ గ్రైండర్ మూత తెరుచుకుంటుందో లేదో కొలవండి. ఇండియా గ్రైండర్ 230 వోల్టులది, ఇక్కడ గోడలో వచ్చేది 120. ఇక్కడి వోల్టేజీకి చేసినవి దొరుకుతాయి, అవే కొనండి.

సింకు, కొళాయి

రెండు గదుల సింకు వద్దు. కుక్కరూ, బిర్యానీ గిన్నే, గ్రైండర్ డ్రమ్మూ ఏ గదిలోనూ పట్టవు. 30 అంగుళాల పైన ఒకే గది, 304 రకం స్టీలు, 16 గేజి తీసుకోండి. గేజి అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. లోతు 9 అంగుళాలు చాలు, అంతకంటే లోతైతే వంగి వంగి నడుం నొప్పి.

సింకు కింద ఉండి చెత్తని నలిపే డిస్పోజర్‌లో మునక్కాయ పిప్పి, కరివేపాకు, కొబ్బరి పీచు, మిగిలిన అన్నం వేయకండి. పీచు బ్లేడుకి చుట్టుకుంటుంది, అన్నం పైపులో ఉబ్బి గట్టిపడుతుంది. దోసెల పిండి గిన్నె కడిగిన నీళ్లు కూడా ఎక్కువ నీటితోనే వదలండి. కొళాయి అమెరికాలో అమ్మే మంచి బ్రాండుదే కొనండి. 2014 నుంచి ఇక్కడ తాగునీరు తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతం మించకూడదని చట్టం. ఆన్‌లైన్‌లో ఊరూపేరూ లేని చవక కొళాయికి ఆ భరోసా ఉండదు.

బాత్‌రూమ్: నీళ్లు ఎక్కడ పడొచ్చు, ఎక్కడ పడకూడదు

కొత్తగా వచ్చినవాళ్లు అందరికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇది. ఇక్కడి బాత్‌రూమ్ నేలకి తూము ఉండదు. షవర్ లోపల, టబ్బు లోపల తప్ప నీళ్లు బయటికి పోయే దారి లేదు. మేడ మీదైతే టైల్స్ కింద చెక్క, దాని కింద కింది గది సీలింగు. బకెట్టుతో నేల కడిగితే నీళ్లు కమోడ్ చుట్టూ, గోడ అంచుల్లోంచి దిగి చెక్కని నానబెడతాయి. ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చిన మొదటి రోజే ఇది నెమ్మదిగా చెప్పండి. వాళ్ల తప్పేం లేదు, అలవాటు అలాంటిది.

అలాగని చెంబు స్నానం మానుకోనక్కర్లేదు. టబ్బు తీసేసి షవర్ కట్టించుకునేవాళ్లు చాలామంది బకెట్టు పట్టుకునే కొళాయి పోయిందని తర్వాత బాధపడతారు. కిందికీ పైకీ జరిగే కడ్డీ మీద హ్యాండ్ షవర్ పెట్టించండి, గొట్టం బకెట్టు దాకా అందేట్టు చూసుకోండి. కూర్చోడానికి ఒక గట్టు కట్టించండి. గోడ మూసే ముందు, నేల నుంచి 33, 36 అంగుళాల మధ్య లోపల అడ్డ చెక్కలు కొట్టించండి. పెద్దవాళ్లు పట్టుకునే కడ్డీ ఇవాళ బిగించకపోయినా, కావాల్సినప్పుడు టైల్ పగలగొట్టకుండా బిగించుకోవచ్చు.

హెల్త్ ఫాసెట్ గురించి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. కమోడ్ పైపుకి టీ-వాల్వ్ బిగించి, ఆన్‌లైన్‌లో కొన్న స్ప్రేయర్ నేనే పెట్టాను. వాల్వ్ కట్టకుండా వారాంతం ఊరెళ్లాం. గొట్టంలో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కదా, ఎక్కడో చిట్లింది. ఆదివారం రాత్రి తలుపు తీస్తే కింది గది సీలింగు ఉబ్బి ఒక మూల ఊడి పడి ఉంది. అప్పటి నుంచి మా నియమం: ఇత్తడి వాల్వ్, స్టీలు అల్లిక గొట్టం, వాడిన ప్రతిసారీ వాల్వ్ కట్టేయడం. గోరువెచ్చని నీళ్లతో కడిగే బిడే సీటు కావాలంటే కమోడ్ పక్కన జీఎఫ్‌సీఐ ప్లగ్గు (షాక్ కొట్టకుండా వెంటనే కరెంటు ఆపేసేది) అవసరం. గోడలు తెరిచి ఉన్నప్పుడే ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోండి.

కమోడ్ కొనేముందు వెనక గోడ నుంచి నేల బోల్టుల దాకా కొలవండి. మామూలుగా 12 అంగుళాలు, పాత ఇళ్లలో 10 గానీ 14 గానీ ఉండొచ్చు. కమోడ్‌ని చోటు మార్చే ఆలోచన ఉంటే ఒకసారి ఆగండి. ఇక్కడ చాలా ఇళ్లకి కింది అంతస్తు కాంక్రీటు స్లాబే. కొత్తవాటిలో అందులో బిగించి లాగిన స్టీలు కేబుళ్లు ఉంటాయి, పోస్ట్ టెన్షన్ స్లాబు అంటారు. తెలియక కోస్తే పునాదికీ, కోసే మనిషికీ ప్రమాదం. వస్తువులు ఉన్నచోటే ఉంచి కొత్తవి పెట్టుకుంటే ఖర్చూ టెన్షనూ సగం తగ్గుతాయి.

షవర్ గోడలో రెండు భాగాలుంటాయి, లోపల వాల్వ్, బయట మనకు కనపడే హ్యాండిల్. రెండూ ఒకే కంపెనీవి కాకపోతే కలవవు. టైల్స్ వేసేముందు వాటర్‌ప్రూఫ్ పొర వేశాక, తూము మూసి 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూపించమనండి. 'అవసరం లేదు' అనే కాంట్రాక్టర్‌తో నేను పని చేయించను. షవర్ నేలకి నున్నటి పెద్ద టైల్స్ వద్దు. చిన్న ముక్కలైతే గీతలు ఎక్కువుండి కాలు జారదు.

రంగు విషయం త్వరగా చెప్పేస్తాను. మన ఏరియా నీళ్లలో ఉప్పులు ఎక్కువే. మాట్ బ్లాక్ కొళాయి మీద ప్రతి చుక్కా తెల్ల మచ్చగా ఆరుతుంది. బ్రష్డ్ నికెల్ మీద కనపడదు. ఒక బాత్‌రూమ్‌లోవన్నీ ఒకే కంపెనీవి కొనండి, పేరు ఒకటే అయినా కంపెనీకో ఛాయ ఉంటుంది.

పని అప్పగించేటప్పుడు

టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సు అంటూ లేదు. ప్లంబర్‌కీ, ఎలక్ట్రీషియన్‌కీ ఉంది, ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు. తెలిసినవాళ్లు చెప్పారని చూడకుండా వదలకండి. సిటీ పర్మిట్ ఎవరు తీస్తారో కాగితం మీద రాయించండి. డబ్బు పని జరిగినకొద్దీ ఇవ్వండి, ఆఖరి విడత అన్నీ సరిచూసుకున్నాకే. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పగలగొట్టే ముందే పరీక్ష చేయించండి. కొళాయిలు, వాల్వులు, టైల్స్ అన్నీ ఇంటికి చేరాకే పాతవి ఊడదీయనివ్వండి. ఒక్క వాల్వ్ రావడం లేటైతే ఇల్లంతా ఒక్క బాత్‌రూమ్‌తో నెలలు గడపాలి.

గోడలు మూసే ముందు రోజు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫొటోలు తీసుకోండి, పైపులెక్కడ, వైర్లెక్కడ అన్నది తర్వాత మేకు కొట్టేటప్పుడు తెలుస్తుంది. మిగిలిన టైల్స్ ఒక పెట్టె గ్యారేజీలో దాచి, టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ రంగు నంబరు ఆ పెట్టె మీదే మార్కర్‌తో రాసి పెట్టండి.