హాస్యపత్రిక నుంచి ప్రకటన దాకా: ఆరవ పాఠం

గత పాఠంలో పురుగుమందుకు ప్రకటన బొమ్మ వేయమంటే, మీరు పంపినవాటిలో ఎక్కువ భాగం ఒకే తీరున ఉన్నాయి: పళ్ళికిలిస్తున్న మనిషి, చేతిలో డబ్బా, దానిమీద లావుపాటి అక్షరాలు. కాబట్టి ఈసారి చెప్పవలసిన రంగుల సంగతి వాయిదా వేసి, ఈ చిక్కునే విప్పుకుందాం.

తరువాతి కాలంలో పిల్లల పుస్తకాల రచయిత డాక్టర్ స్యూస్‌గా పేరుపొందిన థియోడర్ గైసెల్, 1928లో అమెరికా హాస్యపత్రిక 'జడ్జ్'లో ఒక కార్టూన్ వేశారు. మంచంమీదున్న మధ్యయుగపు వీరుడి దగ్గరికి డ్రాగన్ వచ్చి నిలబడితే, కోటంతా ఇప్పుడే ఫ్లిట్ (అప్పటి ఒక పురుగుమందు) కొట్టాను, అంతలోనే ఇంకొకటి వచ్చిందా అని అతడు విసుక్కుంటాడు. దాన్ని ప్రకటనగా వేయమని ఎవరూ అడగలేదు. అయినా ఆ బొమ్మే ఆయనకు ఫ్లిట్ ప్రకటనల పని తెచ్చిపెట్టింది, ఆ పని ఏళ్ళ తరబడి సాగింది.

ఈగలమీద కొట్టే మందును డ్రాగన్‌మీద ప్రయోగించడమే ఇక్కడి హాస్యం కనుక, మందు పేరు తీసేస్తే నవ్వు కూడా పోతుంది. మీ బొమ్మలో సరుకును బొటనవేలితో మూసి చూడండి. అప్పటికీ నవ్వు వస్తోందంటే ఆ సరుకు అక్కడ అద్దెకున్నట్టే లెక్క.

ఇక ఆ పళ్ళికిలింపు. బొమ్మలోని మనిషి తానే నవ్వేస్తే చూసేవారికి నవ్వడానికి ఏమీ మిగలదు. ఆపదలో ఉన్నవాడు దాన్ని నిజంగా ఆపదగానే నమ్మాలి: కనుబొమలు ముడిపడాలి, భుజాలు బిగుసుకోవాలి, చూపు డ్రాగన్‌మీదే ఉండాలి, పాఠకుడివైపు తిరగకూడదు. డ్రాగన్ కూడా నవ్వకూడదు. మూలన కూర్చోబెట్టిన పిల్లి సైతం నవ్వకూడదు. నలుగురు పంపిన బొమ్మల్లో ఆ పిల్లి నవ్వుతోంది. సంతోషించిన ముఖమే సరుకు అమ్ముతుందనే భ్రమ ఎక్కడినుంచి వచ్చిందో గానీ, హాస్యప్రకటనను అంతగా చంపేది మరొకటి లేదు.

నేనైతే డబ్బామీద పేరు రాయను, బొమ్మకింది మాటలో పలికిస్తాను. ఆ మాట ముందు రాసుకుని, తరువాతే పెన్సిలు పడతాను.

అభ్యాసం: అదే పురుగుమందుకు ఇరవై చిన్న చిత్తుబొమ్మలు వేయండి. ఎవరూ నవ్వకూడదు, ఎవరి చేతిలోనూ డబ్బా ఉండకూడదు. బొటనవేలి పరీక్షకు నిలిచిన ఒక్కదాన్నే సిరాతో పూర్తిచేసి, మిగిలిన పంతొమ్మిదీ ఎందుకు వదిలేశారో ఒక్కొక్క వాక్యంలో రాసి జతచేయండి.