కంపెనీ ప్రకటనలు చదవడం – 5వ పాఠం: ‘జరగొచ్చు’ అన్నది ఎప్పుడో జరిగిపోతే?

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం తిరిగి నా మెడకే చుట్టుకుంది. అమెరికన్ కంపెనీల ఫలితాల ప్రకటనల్లో భవిష్యత్తు గురించిన వాక్యాల కింద గీత గీయమన్నాను. ‘నమ్ముతున్నాం’, ‘భావిస్తున్నాం’ అని కనబడ్డ చోటల్లా గీసేశారు. ఆ మాటలు ఆనవాళ్లని చెప్పింది నేనే. ఆనవాళ్లే గానీ, రుజువులు కావు.

‘మా సరుకుకు గిరాకీ బాగుందని నమ్ముతున్నాం.’ ఇందులో నమ్మకం ఉంది, భవిష్యత్తు లేదు. ‘వచ్చే ఏడాది రెండో ప్లాంటు తెరుస్తాం.’ ఇది అచ్చంగా భవిష్యత్తే. ‘ఆర్డర్లు ఇప్పటికే పెరిగాయి కాబట్టి ఆదాయమూ పెరుగుతుంది.’ ఎక్కువమంది తడబడింది ఇక్కడే. ‘కాబట్టి’ దగ్గర కత్తిరించండి. మొదటి ముక్క జరిగిన సంగతి. అది అబద్ధమైతే చివర ‘అంచనా తప్పొచ్చు’ అని ఎంత పెద్ద హెచ్చరిక రాసినా కోర్టులో అక్కరకు రాదు. 2017లో క్వాలిటీ సిస్టమ్స్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇలాగే విడదీసింది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1995లో క్లింటన్ వీటోను తోసిపుచ్చి కాంగ్రెస్ చేసిన చట్టం ఇది. అంచనా తప్పినా, పక్కన అర్థవంతమైన హెచ్చరిక ఉంటే మదుపరుల దావా నుంచి కంపెనీకి రక్షణ. దీన్నే సేఫ్ హార్బర్ అంటారు. తొలి పబ్లిక్ ఇష్యూకు, ఆడిట్ లెక్కల్లోని అంకెలకు ఇది వర్తించదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. ‘మా సర్వర్లలోకి ఎవరైనా చొరబడితే వ్యాపారం దెబ్బతినొచ్చు’ అని రాస్తారు. చొరబాటు పోయిన నెలలోనే జరిగి ఉంటుంది! వ్యాకరణంలో తప్పు పట్టలేం. కానీ చదివేవాడికి ‘ఇంకా ఏమీ కాలేదు’ అనే వినబడుతుంది. ఇల్లు అంటుకున్నాక గోడ మీద ‘నిప్పుతో జాగ్రత్త’ అని రాసినట్టు. ‘గతంలో చొరబాట్లు జరిగాయి, మళ్లీ జరగొచ్చు’ అంటే కొంత నయం. ఫలానా నెలలో జరిగింది, ఇంత ఖర్చయింది అంటే ఇంకా నయం.

2016 వార్షిక నివేదికలో ఫేస్‌బుక్, వాడుకరుల డేటా దుర్వినియోగమైతే నష్టం రావచ్చని రాసింది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ చేతికి వాడుకరుల డేటా చిక్కిన వ్యవహారం కంపెనీకి అప్పటికే తెలుసు కదా అని వాటాదారులు కోర్టుకెక్కారు. 2023లో తొమ్మిదో సర్క్యూట్ ఆ దావాను సాగనిచ్చింది. ఫేస్‌బుక్ అప్పీలుపై సుప్రీంకోర్టు వాదనలు విని కూడా, 2024 నవంబరులో తీర్పివ్వకుండానే ఆ అప్పీలును పక్కన పెట్టేసింది. మోసం రుజువైనట్టు కాదు, దావా నిలబడిందంతే.

నా పద్ధతి మొరటుది. సీఈఓ మాటలు ఆఖర్న చదువుతాను. ముందు నిరుటి 10-కే (అమెరికన్ కంపెనీల వార్షిక నివేదిక), ఈ ఏటి 10-కే పక్కపక్కన పెట్టి, ముప్పుల జాబితా ఉండే ఐటమ్ 1ఏలో మారిన వాక్యాలే చూస్తాను. వ్యాపారం తలకిందులైనా హెచ్చరిక అక్షరం మారకపోతే ఆ పేజీ మూల మడుస్తాను.

అభ్యాసం, ఈసారి కాస్త బరువే: కంపెనీల నివేదికలు దొరికే అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటు ఎడ్గర్‌లో ఒక కంపెనీవి మూడేళ్ల 10-కేలు తీసుకోండి. ఐటమ్ 1ఏలో ‘మే’, ‘కుడ్’ (‘జరగొచ్చు’ అనే ఇంగ్లిషు మాటలు) ఉన్న ప్రతి వాక్యం రాసుకుని, అందులో చెప్పిన ముప్పు ఐటమ్ 3లోని కోర్టు వ్యవహారాల్లోనో, లెక్కల కింది నోట్స్‌లోనో అప్పటికే జరిగినట్టు కనబడుతుందేమో సరిచూడండి. ఒక్క సాయంత్రంలో తెమలదు.