వాలని తూనీగను పోల్చుకోవడం ఎలా?

తూనీగ కనబడగానే చాలామంది రంగు చూస్తారు. పాంటాలా ఫ్లావెసెన్స్ అనే పసుపు తూనీగ విషయంలో మాత్రం ముందు ఎగిరే తీరు చూడమంటాను. పసుపు తూనీగలు ఎన్నో ఉన్నాయి. గంటల తరబడి ఎక్కడా వాలకుండా తిరిగేవి కొన్నే.

వాన వెలిశాక గడ్డి మైదానంలో నిలబడండి. గుంపుగా, రెక్కలు పెద్దగా ఆడించకుండా గాలిలో తేలుతూ అటూ ఇటూ తిరుగుతుంటే సగం పని అయినట్టే. వెంటపడకండి. గడ్డిలో మెల్లగా నడిస్తే చాలు, మీ అడుగులకు లేచే చిన్న పురుగుల కోసం అవే మీ దగ్గరికి వస్తాయి.

వాలినప్పుడు కనిపెట్టడమే కష్టం. మొదటి రెండేళ్లూ నేను చెరువు గట్టున పుల్లల కొసలు వెతికి పొరబడ్డాను. ఇది పుల్ల కొసన అడ్డంగా కూర్చోదు, కొమ్మ పట్టుకుని నిలువుగా వేలాడుతుంది. తెల్లవారుజామున, ఒంటికి ఎండ తగలకముందే పొదల్లో చూడండి. దొరికిందా, ఇక తీరిగ్గా పరిశీలించవచ్చు. ఒళ్లు సుమారు 4.5 సెంటీమీటర్లు. పొట్ట బంగారు పసుపు, దాని చివర వీపువైపు నల్లటి మచ్చలు. పెద్ద కళ్ల పైభాగం ఎర్రగా ఉంటుంది. వెనుక రెక్కలు మొదట్లో బాగా వెడల్పు, అంతసేపు తేలగలగడం వాటి చలవే. ఆ వెడల్పు చోట పెద్ద ముదురు మచ్చ కనిపిస్తే అది ట్రమియా అనే మరో తూనీగ జాతిది కావచ్చు.

నీటిలో పెరిగే దీని పిల్లలను చూడాలంటే పెద్ద చెరువులు వదిలేసి, వాన నీరు నిలిచిన గుంటలకు వెళ్లండి. అక్కడ తినేసే చేపలుండవు. కానీ గుంట ఎండిపోయేలోగా ఎదగాలి, అందుకే వెచ్చని నీటిలో నలభై రోజుల అటూ ఇటూగా రెక్కలు వచ్చేస్తాయి. అంచున గడ్డికి అంటుకున్న ఖాళీ కుబుసాలు వెతకండి. మెరిసే కారు పైభాగాన్ని నీరనుకుని ఆడ తూనీగ గుడ్లు పెట్టబోతుంటే కారుపై ఒక గుడ్డ కప్పండి. ఆ గుడ్లు అక్కడ బతకవు.

గుంపు ఒకే దిక్కుగా సాగిపోతుంటే తప్పక రాసుకోండి. ఇవి హిందూ మహాసముద్రం మీదుగా వలస పోయే జీవులు. మంచినీటి మడుగులు అతి తక్కువగా ఉండే మాల్దీవులలో కూడా ఏటా అక్టోబరు ప్రాంతంలో గుంపులుగా దిగుతాయి. తేదీ, గాలి వీచే దిక్కు, గుంపు పోయే దిక్కు ఒకే వరుసలో రాసుకోవాలి. మొత్తం లెక్కించలేరు కాబట్టి ఒక చెట్టును గుర్తుపెట్టుకుని, నిమిషంలో దాన్ని దాటినవెన్నో రాయండి.